రెండో గీత పడ్డాక చూడాల్సినవి

హెపటైటిస్ బీ పరీక్ష కార్డు మీద మొదటి గులాబీ గీత ఎప్పుడూ పడుతుంది. అది పడలేదంటే కార్డే పాడైందని, పారేసి ఇంకోటి తీయాలి. మేం కళ్లు పెట్టుకుని చూసేది రెండో గీత కోసం. రక్తంలోంచి వేరుచేసిన సీరం చుక్కలు వేసి పదిహేను నిమిషాలు ఆగుతాం. కొందరికి రెండు నిమిషాల్లోనే ముద్రేసినట్టు దిగుతుంది. కొందరికి ట్యూబ్‌లైట్ కిందకి తీసుకెళ్లి వంచి చూస్తేగానీ కనబడదు, వెంట్రుకంత ఉంటుంది. ఎలా పడినా కాగితం మీద రాసే మాట ఒక్కటే: హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్. అంటే లివర్‌ను పట్టే హెపటైటిస్ బీ వైరస్ ప్రొటీన్ రక్తంలో ఉందని.

నెల్లూరులో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఇరవై ఏళ్లు పైనే పనిచేశాను. ఆ కాగితం అందుకున్నవాళ్లలో చాలామంది అసలు జబ్బు పడి వచ్చినవాళ్లు కాదు. కువైట్ పోవాలంటే అసలు మెడికల్ కంటే ముందు, ఎందుకైనా మంచిదని ఇక్కడ చూపించుకునే ఆత్మకూరు, ఉదయగిరి వైపు కుర్రాళ్లు. హెర్నియా ఆపరేషన్‌కి డేటు ఇచ్చాక పరీక్షలకు వచ్చినవాళ్లు. తొలి చూలు గర్భిణులు. శిబిరంలో రక్తమిచ్చి, కొన్నాళ్లకు బ్లడ్ బ్యాంకు నుంచి ఫోన్ వస్తే బెదిరిపోయి వచ్చినవాళ్లు. అందరూ అడిగేది ఒకటే. "నాకు ఎప్పుడూ కామెర్లే రాలేదు సామీ, ఇదెట్టా వచ్చింది?"

చిక్కుముడి మొదటి కొస ఈ ప్రశ్నలోనే దొరుకుతుంది.

మన దగ్గర లివర్ జబ్బంటే కామెర్లు, కామెర్లంటే పసరు మందు. కంట్లో పిండే పసరు, ముక్కులో వేసే చుక్కలు, మణికట్టు మీద పెట్టే వాత, ఉప్పూ నూనే లేని పథ్యం. నిజానికి కామెర్లనేది జబ్బు పేరు కాదు. లివర్ బయటికి పంపాల్సిన పచ్చరంగు పదార్థం రక్తంలో మిగిలిపోయి కళ్లకు, చర్మానికి ఎక్కడమే కామెర్లు. కలుషితమైన నీళ్లు, తిండి ద్వారా వచ్చే హెపటైటిస్ ఏ, ఈ రకాలు దాన్ని బాగా చూపిస్తాయి. మనిషిని పసుపు ముద్దలా చేసి, వాంతులు చేయించి, ఎక్కువమందిలో కొన్ని వారాలకు వాటంతటవే పోతాయి. పసరు పోసినా పోతాయి, పోయకపోయినా పోతాయి. పేరు మాత్రం పసరుకి. గర్భిణులకు హెపటైటిస్ ఈ ప్రాణం మీదకు తెస్తుంది కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకోమని కాదు. కానీ అవి వచ్చి వెళ్లిపోయే రకం.

బీ, సీ రకాలు అలా కాదు. రక్తం ద్వారా, సంభోగం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు చేరి, కొందరిలో తిష్ఠ వేస్తాయి. ఆరు నెలలు దాటినా వైరస్ పోలేదంటే దాన్ని దీర్ఘకాలిక హెపటైటిస్ అంటారు. డీ అని ఇంకోటుంది. అది బీ ఉన్నవాళ్లకు మాత్రమే అంటుకునే తోక వైరస్, అంటుకుంటే జబ్బు వేగం పెంచుతుంది. ఇలా తిష్ఠ వేసిన వైరస్‌తో ఇరవై, ముప్పై ఏళ్లు బతికిన మనిషికి ఒక్కసారి కూడా కళ్లు పచ్చబడకపోవచ్చు. ఎప్పుడైనా కాస్త నీరసం, కుడి డొక్కలో బరువుగా ఉన్నట్టు అనిపించడం, అంతే. అది కూడా లేనివాళ్లే ఎక్కువ. వాళ్లకు కళ్లు పచ్చబడ్డాయంటే చాలాసార్లు కథ మొదలైనట్టు కాదు, చివరికొచ్చినట్టు.

నేల ఉసిరి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎలాగూ ఎవరో ఒకరు అడుగుతారు. దాన్ని శాస్త్రవేత్తలు పట్టించుకోలేదనడం తప్పు. హెపటైటిస్ బీ వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బరూచ్ బ్లంబర్గే నేల ఉసిరి మీద పనిచేశాడు. 1988లో మద్రాసు పరిశోధకులతో కలిసి ఆశ పుట్టించే ఫలితాలు ప్రకటించాడు కూడా. ఆ తర్వాత వేరేచోట్ల చేసి చూస్తే అవే ఫలితాలు రాలేదు. ఆయన పుట్టినరోజు జులై 28నే ప్రపంచ హెపటైటిస్ దినంగా జరుపుతున్నారు. రెండో గీతతో మేం పట్టే ఆ వైరస్ ప్రొటీన్ మొదట దొరికింది ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ రక్తంలో. మా పాత డాక్టర్లు ఈ పరీక్షను 'ఆస్ట్రేలియా యాంటిజెన్' అని చీటీ మీద రాసేది అందుకే. ఆ పేరు చూసి, "మా వాడు ఆస్ట్రేలియా పోలేదే" అన్న పెద్దాయన ఇంకా గుర్తున్నాడు.

ఏ వయసులో చేరింది?

దీర్ఘకాలిక హెపటైటిస్ బీ ఉన్న మనిషిని అర్థం చేసుకోవాలంటే ముందు వెనక్కి వెళ్లాలి. వైరస్ ఎక్కడ అంటిందన్న దానికంటే ఏ వయసులో అంటిందన్నది ముఖ్యం. పుట్టగానే అంటితే నూటికి 90 మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. ఐదేళ్లలోపు పిల్లల్లో సుమారు మూడోవంతు మందిలో ఉండిపోతుంది. పెద్దయ్యాక అంటితే నూటికి ఐదుగురిలో కూడా నిలవదు, మిగతావాళ్ల ఒంట్లోంచి రోగనిరోధక శక్తే దాన్ని తరిమేస్తుంది. చంటిబిడ్డ ఒంటికి ఇంకా మనవాడెవడో పరాయివాడెవడో తెలియదు. పుట్టినప్పట్నుంచీ ఇంట్లోనే ఉన్నవాణ్ణి ఇంటిమనిషే అనుకుంటుంది.

దీన్ని తిప్పి చదవండి. 34 ఏళ్ల మనిషికి దీర్ఘకాలిక హెపటైటిస్ బీ ఉందంటే, అది కాన్పులోనో పసితనంలోనో వచ్చే అవకాశమే ఎక్కువ. తల్లి నుంచి రావచ్చు. రక్తం అంటిన బ్లేడు నుంచి, తోటిపిల్లల గాయాల నుంచి రావచ్చు. లేదా ఊరి ఆర్‌ఎంపీ స్టీల్ డబ్బాలో గాజు సిరంజి ఉడకబెట్టి వరసగా అందరికీ పొడిచిన రోజుల్లో ఒక సూది మందు నుంచి రావచ్చు. ఈ వైరస్ ఒంటి బయట, ఎండిన రక్తపు మరక మీద కూడా కనీసం ఏడు రోజులు బతికుంటుంది. ఆ డబ్బాలో నీళ్లు నిజంగా ఎంతసేపు మరిగేవో ఎవరు చూశారు?

కానీ కాగితం చేతికి రాగానే ఇళ్లలో జరిగేది వేరు. పెళ్లయి రెండేళ్లయిన అబ్బాయికి పాజిటివ్ వస్తే అత్తగారి తరఫువాళ్ల చూపులు మారిపోతాయి. "ఎక్కడెక్కడ తిరిగొచ్చాడో" అంటారు. గర్భిణికి వస్తే ఇంకా ఘోరం. మా కౌంటర్ ముందే నోరు జారిన అత్తలున్నారు. ఆ అమ్మాయికి తల్లి కడుపులోంచి బయటపడిన రోజే అంటి ఉండొచ్చన్న ముక్క ఆ క్షణంలో ఎవరైనా ఒకరు చెప్పగలిగితే ఎన్ని కాపురాలు నిలబడేవో.

వయసు లెక్క ఇంకో విషయం కూడా చెబుతుంది. మన దేశంలో హెపటైటిస్ బీ టీకా పిల్లలందరికీ ఇచ్చే టీకాల్లో ఒక్కసారిగా చేరలేదు. 2002 ప్రాంతంలో కొన్నిచోట్ల ప్రయోగంగా మొదలై, దేశమంతటికీ చేరేసరికి దాదాపు పదేళ్లు పట్టింది. అంతకుముందు అది డబ్బున్నవాళ్లు బయట కొనుక్కునే టీకా. దాన్ని దేశంలోనే తయారుచేసి చౌకగా అందించినవాడు మన జిల్లావాడే కావడం నాకు కాస్త గర్వం. నెల్లూరు జిల్లా పాపిరెడ్డిపాళెంలో పుట్టిన వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాద్‌లో తల్లి శాంతమ్మ పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. 1997లో వాళ్ల శాన్‌వాక్-బీ బజారులోకి వచ్చాక బయటి దేశాల టీకాల ధరలు కూడా దిగొచ్చాయి. అయినా ఆ టీకా పల్లెల్లోని ప్రతి ఊయల దాకా చేరేలోపు పుట్టినవాళ్లు ఇప్పుడు పెళ్లీడులో, సంపాదించే వయసులో ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన నివేదికా అదే చెబుతోంది. దీర్ఘకాలిక బీ, సీ ఉన్నవాళ్లలో సగం మంది 30 నుంచి 54 ఏళ్ల మధ్యవాళ్లు, నూటికి 58 మంది మగవాళ్లు. 2022 నాటికి మన దేశంలో బీ ఉన్నవాళ్లు 2 కోట్ల 98 లక్షలని, సీ ఉన్నవాళ్లు 55 లక్షలని ఆ నివేదిక అంచనా. ప్రపంచం మొత్తంమీద బీ ఉన్నవాళ్లలో తమకు ఉందని తెలిసినవాళ్లు నూటికి 13 మందే. మా దగ్గరికి కువైట్ కోసం వచ్చిన కుర్రాడు ఆ పదముగ్గురిలోకి పొరపాటున వచ్చి చేరినవాడు.

ఒకే ఇల్లు, మూడు కాగితాలు

ఇప్పుడు అసలు ముడి. పాజిటివ్ అన్న మాట వైరస్ ఇంట్లో ఉందని మాత్రమే చెబుతుంది. ఆ వైరస్ ఏం చేస్తోందో చెప్పదు. ఇందుకోసం మీకు ఒక ఇల్లు చూపిస్తాను. ఇది ఏ ఒక్కరి ఇల్లూ కాదు. నేను చూసిన నాలుగైదు ఇళ్లు కలిపి, అంకెలు సర్ది కట్టింది. కొడుక్కి 34 ఏళ్లు, కువైట్ ప్రయత్నంలో ఉన్నాడు. అతని కార్డు చూశాక డాక్టర్ ఇంట్లో అందరికీ పరీక్ష చేయించమన్నారు. 26 ఏళ్ల చెల్లెలు ఐదో నెల గర్భిణి, పుట్టింట్లో ఉంది. 56 ఏళ్ల తల్లికి షుగరుంది, ఈ మధ్య ఏ పనీ చేయలేకపోతోంది. ముగ్గురికీ రెండో గీత పడింది.

కాగితాలు చదవడానికి ఒక్క సంగతి తెలిస్తే చాలు. ఈ వైరస్ లివర్ కణాన్ని నేరుగా చంపదు. వైరస్ ఉన్న కణాన్ని మన రోగనిరోధక శక్తే గుర్తించి కొడుతుంది. ఆ కొట్లాటలో పగిలిన కణాల్లోంచి రక్తంలోకి కారేవే ఎస్‌జీపీటీ, ఎస్‌జీవోటీ ఎంజైములు. అంటే ఎస్‌జీపీటీ చెప్పేది వైరస్ ఎంతుందని కాదు, కొట్లాట ఎంత జరుగుతోందని. వైరస్ ఎంతుందో చెప్పేది డీఎన్‌ఏ పరీక్ష, మా వాళ్లు 'వైరల్ లోడ్' అంటారు. ఇన్నేళ్ల కొట్లాటలో ఇల్లు ఎంత దెబ్బతిందో చెప్పేవి ప్లేట్‌లెట్లు, స్కాను, లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్. మూడూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఒకటి చూసి ఇంకోటి ఊహించడం వల్లే సగం పొరపాట్లు జరుగుతాయి.

చెల్లెలి కాగితం చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. వైరల్ లోడ్ మిల్లీలీటరుకు 20 కోట్ల యూనిట్లు (ఐయూ). ఎస్‌జీపీటీ మాత్రం 18. అంటే ఒంటినిండా వైరస్ ఉంది, కొట్లాట లేదు. ఇంటిమనిషే అనుకునే దశ ఇంకా నడుస్తోంది. ఈ దశలో లివర్ సాధారణంగా చెక్కుచెదరకుండా ఉంటుంది. ఆమె కోసమే అయితే చాలామంది డాక్టర్లు కనిపెట్టుకుని ఉండేవాళ్లు. భయమంతా కడుపులో బిడ్డ గురించి. ఇలా హెచ్‌బీఈఏజీ (వైరస్ జోరుగా పెరుగుతోందని చెప్పే ఇంకో ప్రొటీన్) కూడా పాజిటివ్ ఉన్న తల్లి నుంచి, ఏ జాగ్రత్తా తీసుకోకపోతే, బిడ్డకు సోకే అవకాశం నూటికి 70 నుంచి 90. అందుకే లోడ్ 2 లక్షలు దాటిన గర్భిణులకు బిడ్డను కాపాడటానికి టెనోఫోవిర్ మాత్రలు మొదలుపెడతారు. పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు ఒక తొడకు టీకా, ఇంకో తొడకు ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అప్పటికప్పుడు అడ్డుకునే యాంటీబాడీల) ఇంజెక్షన్ ఇస్తారు. తర్వాత 6, 10, 14 వారాలకు మామూలుగా అందరు పిల్లలకూ వేసే పెంటావాలెంట్‌లోనే ఈ టీకా ఉంటుంది. పాలివ్వొచ్చు. ఆ మొదటి 24 గంటలే కీలకం. కాన్పు శనివారం రాత్రి ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లో అయితే టీకా సోమవారం చూసుకుందామంటారేమో, ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

కొడుకు కాగితం ఇంకో రకం. లోడ్ 600, ఎస్‌జీపీటీ 24, ఎస్‌జీవోటీ 26, ప్లేట్‌లెట్లు 2 లక్షల 40 వేలు. ఇతనిలో కొట్లాట జరిగి, వైరస్ ఓ మూలకు నక్కింది. 'ఇనాక్టివ్ క్యారియర్' అని పాత పేరు. ఆ పేరుతోనే ఒక చిక్కు. ఇనాక్టివ్ అనగానే ఇక ఏమీ లేదనుకుని ఫైలు బీరువాలో పెట్టేస్తారు. నక్కినది మళ్లీ లేవొచ్చు. అందుకే ఒక్క రిపోర్టుతో ఈ ముద్ర వేయకూడదు, ఏడాదిలో రెండు మూడుసార్లు చూసి అప్పుడు తేల్చాలి, తర్వాత కూడా ఏటా చూస్తుండాలి. ఇతనికి ఇప్పుడున్న కష్టం ఆరోగ్యం కాదు, వీసా. గల్ఫ్ మెడికల్‌లో రెండో గీత పడితే అన్‌ఫిట్ అంటారు. లివర్ నిక్షేపంగా ఉందని వేరే కాగితాలు చూపిస్తే ఒప్పుకోరు. ఆ గీత దానంతటదే పోవడం ఏడాదికి నూటికి ఒకరిలో జరిగితే గొప్ప. మందులు వాడినా గీత పోవడం అరుదు, మందులు తగ్గించేది లోడ్‌ని. దాన్ని చెరిపేస్తామని వేలకు వేలు పట్టుకున్న ఏజెంట్ల బాధితులు మా దగ్గరికి మళ్లీ మళ్లీ పరీక్షకొచ్చేవాళ్లు. ప్రతిసారీ అదే గీత.

ఇక తల్లి కాగితం. లోడ్ 40 వేలు, కూతురితో పోలిస్తే లెక్కలోది కాదు. ఎస్‌జీపీటీ 48, ఎస్‌జీవోటీ 72. చూడగానే బెదిరిపోయేంత పెద్ద అంకెలు కావు. ముగ్గురిలో ఎక్కువ ప్రమాదంలో ఉన్నది ఆమే. ప్లేట్‌లెట్లు చూడండి: లక్షా 10 వేలు.

మనవైపు ప్లేట్‌లెట్లు తగ్గాయంటే డెంగీ. ఇంకో ఆలోచనే రాదు. ఈమెకూ పోయినేడు జ్వరమొచ్చినప్పుడు తగ్గాయన్నారు, బొప్పాయి ఆకు రసం పట్టారు, జ్వరం పోయింది. డెంగీలో పడిపోయిన ప్లేట్‌లెట్లు ఒకటి రెండు వారాల్లో తిరిగి లేస్తాయి. ఈమెవి లేచాయో లేదో ఎవరూ చూడలేదు. లివర్ ఏళ్ల తరబడి గాయపడి మానుతూ, ప్రతిసారీ ఓ మచ్చ మిగులుస్తూ పోతే చివరికి గట్టిపడుతుంది. అదే సిర్రోసిస్. గట్టిపడిన లివర్‌లోంచి రక్తం సాఫీగా పారదు, వెనక్కి తన్నుతుంది. ఆ ఒత్తిడికి ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లను తనలో పట్టేసుకుంటుంది. అందుకే లివర్ సంగతి ప్లేట్‌లెట్లలో తెలుస్తుంది.

దీనికి ఓ చిన్న లెక్కుంది, ఏప్రీ స్కోర్ అంటారు. మన రిపోర్టుల్లో ప్లేట్‌లెట్లు లక్షల్లో రాస్తారు కాబట్టి మనకు ఇంకా సులువు. ఎస్‌జీవోటీని 40తో భాగించి, వచ్చినదాన్ని ప్లేట్‌లెట్ లక్షలతో భాగించాలి. తల్లిది 72ని 40తో భాగిస్తే 1.8, దాన్ని 1.1తో భాగిస్తే 1.6 పైన. కొడుకుది 26ని 40తో, తర్వాత 2.4తో భాగిస్తే 0.27. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాల్లో 0.5 దాటితే లివర్ గణనీయంగా మచ్చ పడిందని, 1 దాటితే సిర్రోసిస్ అనుమానించాలని ఉంది. ఇది తేల్చే పరీక్ష కాదు, తట్టి లేపే పరీక్ష. ఆస్పత్రి క్యాంటీన్‌లో కూర్చుని ఫోన్‌లో వేసుకోగలిగిన లెక్క ఇది, డాక్టర్‌ను ఫైబ్రోస్కాన్ గురించి అడగడానికి పనికొస్తుంది.

తల్లి విషయంలో గమనించాల్సింది ఇంకోటుంది. సిర్రోసిస్ మొదటి దశలో మనిషి పైకి మామూలుగానే ఉంటుంది. పొట్టలో నీరు లేదు, కాళ్ల వాపు లేదు, రక్తం కక్కలేదు, మతి తప్పలేదు. ఈ నాలుగింట్లో ఏదొచ్చినా దశ మారిపోయినట్టే, అప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. అవి రాకముందు దొరికితే మందులతో ఏళ్ల తరబడి అక్కడే ఆపొచ్చు, మచ్చలు కొంతవరకు తగ్గుతాయి కూడా. ఆమె నీరసాన్ని ఇంట్లోవాళ్లు షుగరు మీద, వయసు మీద తోసేశారు. ఆమె కూడా అంతే అనుకుంది.

ఇప్పుడు కొడుకు కాగితం మళ్లీ చేతిలోకి తీసుకోవాలి. ఒంటరిగా చూస్తే అతనికి మందు అక్కర్లేదు. కానీ అదే 2024 మార్గదర్శకాల్లో, కుటుంబంలో సిర్రోసిస్ గానీ లివర్ క్యాన్సర్ గానీ ఉంటే ఆ ఒక్క కారణంతో మందు మొదలుపెట్టొచ్చని ఉంది. తల్లి రిపోర్టు కొడుకు వైద్యాన్ని మారుస్తోంది. మొదలుపెట్టాలా, కనిపెట్టుకుని ఉండాలా అన్నది అతన్ని చూసే డాక్టర్ తేల్చాలి. అయితే ఇంట్లో ఎవరికుందో చెప్పకపోతే డాక్టర్‌కు ఆ ప్రశ్నే తట్టదు.

వైరస్ పక్కన ఇంకెవరున్నారు?

ఈ జబ్బుతో మనిషి ఎలా ఉంటాడన్నది ఒక్క వైరస్ చేతిలో లేదు. మద్యం తాగడం అన్నిటికంటే ముందు. వైరస్ నెమ్మదిగా చేసేదాన్ని సారాయి తొందరగా చేయిస్తుంది. తర్వాతివి షుగరు, పొట్ట, కొవ్వు పట్టిన లివర్. ఇవి మన ఊళ్లలో ఎంత మామూలైపోయాయో వేరే చెప్పాలా. హెచ్‌ఐవీ కూడా ఉన్నవాళ్లకు ఏఆర్‌టీ మాత్రల్లో ఉండే టెనోఫోవిరే బీకి కూడా పనిచేస్తుంది. అందుకే ఆ మాత్రలు మధ్యలో మానితే రెండు వైరస్‌లూ ఒకేసారి లేస్తాయి.

అందరూ మరిచేది ఇంకోటుంది. కీళ్ల నొప్పులకని మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే తెల్లమాత్రల్లో కొన్నిటిలో స్టెరాయిడ్ ఉంటుంది. క్యాన్సర్ కీమోలు, కొన్ని రకాల కీళ్లవాతం ఇంజెక్షన్లు రోగనిరోధక శక్తిని అణుస్తాయి. నక్కి ఉన్న బీ వైరస్ అదే అదనుగా లేస్తుంది. అందుకే కీమోకి ముందు ఈ పరీక్ష తప్పక చేయించాలంటారు. మన కొడుకులాంటి ఇనాక్టివ్ మనిషికి ప్రమాదం రావడానికి ఇదొక దారి. ఇంకో దారి, బీకి మాత్రలు వాడుతూ బాగానే ఉంది కదాని సొంతంగా మానేయడం. ఇలా మానేసి కామెర్లతో ఐసీయూలో చేరినవాళ్ల రక్తం నేనే తీశాను.

లివర్ క్యాన్సర్ విషయంలో బీకీ సీకీ తేడా ఉంది. సీలో దాదాపు ఎప్పుడూ సిర్రోసిస్ తర్వాతే క్యాన్సర్. బీలో సిర్రోసిస్ లేకుండా కూడా రావచ్చు, వైరస్ డీఎన్‌ఏ మన కణాల డీఎన్‌ఏలోకే చొరబడుతుంది కాబట్టి. తల్లిలాంటి వాళ్లకు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చెప్పేది అందుకే. క్యాన్సర్ గడ్డ అంగుళం ఉన్నప్పుడు దొరకడానికీ, నాలుగంగుళాలయ్యాక దొరకడానికీ మధ్య తేడా ఆ స్కానే.

సీ అంటే వేరే మనిషి

హెపటైటిస్ సీ రోగి వేరే దారిలో వస్తాడు. తల్లి నుంచి రావడం తక్కువ. మన దేశంలో దాతల రక్తానికి సీ పరీక్ష తప్పనిసరైంది 2001-02 ప్రాంతంలో. అంతకుముందు రక్తం ఎక్కించుకున్నవాళ్లు, తలసీమియా పిల్లలు, సూదులు పంచుకుని మత్తు ఎక్కించుకునేవాళ్లు, వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ మెషీన్ ఎక్కేవాళ్లు. ఫ్లోరైడ్ నీళ్ల మాట, కిడ్నీ జబ్బుల మాట కనిగిరి వైపు వినని ఇల్లుండదు. అటునుంచి ఒంగోలు, నెల్లూరు డయాలసిస్ కేంద్రాలకు వచ్చిపోయేవాళ్లు తమ సీ పరీక్ష ఎన్నాళ్లకోసారి చేస్తున్నారో అడిగి తెలుసుకోవడం మంచిది.

సీ అంటినవాళ్లలో నూటికి సుమారు 70 మందిలో, పెద్దవాళ్లయినా సరే, అది ఉండిపోతుంది. కానీ దీన్ని పూర్తిగా వదిలించుకోవచ్చు. సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్ మాత్రలు 12 వారాలు వాడితే నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. సోఫోస్‌బువిర్ 2013 చివర్లో అమెరికాలో వచ్చినప్పుడు ఆ 12 వారాల కోర్సు 84 వేల డాలర్లు. తర్వాత మన దగ్గర హైదరాబాద్ కంపెనీలు నాట్కో, హెటెరో లాంటివి తయారుచేయడంతో అది సామాన్యుడికి అందింది. ఇప్పుడైతే 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బీ, సీ రెండింటికీ పరీక్షలు, మందులు ఉచితం. పెద్దాసుపత్రిలో ఆ కార్యక్రమం పేరు చెప్పి అడిగితే దారి చూపిస్తారు.

సీ కార్డు దగ్గర మాత్రం ఒక మెలిక. బీ కార్డు పట్టేది వైరస్ ప్రొటీన్‌ను, సీ కార్డు పట్టేది వైరస్ మీద మన ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీని. వైరస్ పోయినా యాంటీబాడీ ఉండిపోతుంది. నయమైనవాడికి కూడా జీవితాంతం కార్డు పాజిటివే చూపిస్తుంది. ఉందో పోయిందో తేల్చేది ఆర్‌ఎన్‌ఏ పరీక్ష ఒక్కటే. నయమైనవాళ్లు ఆ రిపోర్టును ఆధార్ కార్డంత భద్రంగా దాచుకోవాలి, ఏ ఆపరేషన్ ముందైనా మళ్లీ ఈ గొడవ వస్తుంది.

కంచాలు, రొట్టెలు, రేజర్లు

ఇంటికి తిరిగొద్దాం. ముగ్గురికీ పాజిటివ్ అని తెలిశాక మొదట మారేవి కంచాలు. తల్లికి వేరే గ్లాసు, చెల్లెలికి వేరే పళ్లెం. బీ, సీ రెండూ తిండి ద్వారా, నీళ్ల ద్వారా, పక్కన కూర్చుంటే రావు. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగలో ముక్కూమొహం తెలియనివాళ్ల చేతి రొట్టె తెచ్చుకుని తింటాం. దానివల్ల వచ్చే రకాలు కావు ఇవి. వేరు పెట్టాల్సినవి రేజరు, బ్లేడు, టూత్‌బ్రష్, గోళ్లు తీసుకునే కట్టర్. పెంచలకోనలో తలనీలాలిచ్చేటప్పుడు బ్లేడు కొత్తది పెట్టించుకోవాలి. భార్యాభర్తల్లో రెండోవాళ్లకు పరీక్ష చేసి, నెగెటివ్ అయితే 0, 1, 6 నెలలకు మూడు డోసుల టీకా వేయిస్తే చాలు, కాపురం మామూలుగా చేసుకోవచ్చు.

తల్లి మాత్రం డాక్టర్‌ను అడిగింది పథ్యం గురించే. నూనె మానేసింది, చేప మానేసింది, మెత్తటి అన్నం మజ్జిగతో బతుకుతోంది. ఆయన విసుక్కున్నారు. సిర్రోసిస్‌లో కండ కరిగిపోతుంది, అందుకని మామూలువాళ్లకంటే ప్రొటీన్ ఎక్కువ కావాలి, రాత్రి పడుకునే ముందు కూడా ఏదో ఒకటి తినాలి. పొట్టలో నీరు చేరితే ఉప్పు తగ్గించాలి తప్ప చేప మానడమేంటి అన్నారు. ఆ ఆదివారం చాలా రోజుల తర్వాత వాళ్లింట్లో చేపల పులుసు ఉడికింది.

గోడకున్న వెంకట్రామా క్యాలెండర్ మీద ఇప్పుడు నాలుగు రకాల గుర్తులున్నాయి. అమ్మ స్కాన్ ఆరు నెలలకోసారి, ఎర్ర పెన్నుతో. అన్న వైరల్ లోడ్ తేదీ నీలంతో. చెల్లెలి కాన్పు అంచనా తేదీ చుట్టూ సున్నా, దాని పక్కన చిన్న అక్షరాలతో "24 గంటలు". పెద్దన్న బెంగళూరులో ఉంటాడు, ఇంకా పరీక్ష చేయించుకోలేదు. అతని ఫోన్ నంబర్ కింద ఏ తేదీ రాయకుండా ఒక గీత గీసి ఉంది.